ఎదురు ప్రశ్నల పెద్దక్క

పెద్దక్క గొప్పలు చెప్పుకుంటుందని నీళ్ల ఆఫీసులో అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అననీ. ఉన్నవే చెప్పుకుంది తప్ప లేనివి కల్పించలేదు.

నాలుగు పల్లెలకి కలిపి ఉన్న ఒక్క బడిలో, వాన పడితే మాస్టారి మాట వినపడని రేకుల కప్పు కింద, లెక్కల్లో ఎప్పుడూ ఆమే మొదలు. ఆ బడిలో చదివి పట్నంలో ఆఫీసు కుర్చీ ఎక్కిన తొలి ఆడమనిషి కూడా ఆమే. చేరడం మాత్రం పంపుహౌసు ఊడ్చే పనికి చేరింది. ఒకనాడు ఫోన్ల గదిలో గుమాస్తా టీకి వెళ్లాడు. ఫోను గొంతు చించుకుంటోంది. చీపురు గోడకి ఆనించి ఆమె ఎత్తింది. గుమాస్తా తిరిగొచ్చేసరికి అవతలి మనిషి ఇబ్బంది తీరిపోయింది, ఇవతల గుమాస్తా కుర్చీ కదలడం మొదలైంది. అలా దక్కిన కుర్చీలోంచి ఆమె ఉద్యోగం ముగిసేదాకా లేవలేదు.

పెద్ద పైపు పగిలిన ఏడాది సంగతి ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు, ఎందుకంటే అందరికీ ఆమే వినిపించింది. ఎక్కడ పగిలిందో తెలియక ఇంజనీర్లు పటం పరుచుకుని తలలు పట్టుకుంటే, పెద్దక్క ఫోన్లు ఎత్తుతూ ఒక్కటే అడిగింది, మీ ఇంట్లో ముందు ఆగాయా, మీ ఎదురింట్లో ముందు ఆగాయా అని. ఆ జవాబులన్నీ పేర్చుకుని, రొట్టెల దుకాణం వెనక మలుపు దగ్గర తవ్వండి అంది. తవ్వారు. అక్కడే ఉంది. దానికి ఇచ్చిన గోడ గడియారం ఇప్పటికీ వాళ్ల ముందుగదిలో ఆడుతోంది, కాస్త వెనకబడుతుందంతే.

ఆమెకి రెండు అలవాట్లు. ఒకటి, అడిగినదానికి వెంటనే జవాబు చెప్పదు. నీళ్లు రావట్లేదండీ అని ఎవరైనా మొదలుపెడితే, మీది ఎన్నో అంతస్తు అంటుంది. చెబితే, పక్కింట్లో వస్తున్నాయా అంటుంది. అదీ చెబితే, మోటారు వేశారా అంటుంది. నీళ్లు రావట్లేదన్న ఒక్క మాట వెనక వాల్వు ఉండొచ్చు, మోటారు ఉండొచ్చు, పైపులో పట్టిన గాలి ఉండొచ్చు, కట్టని బిల్లూ ఉండొచ్చు. అడక్కుండా చెప్పేవాడు జ్యోతిష్కుడు, నేను కాదు అనేది.

రెండోది, ఆమె ఎవరికీ ఫిర్యాదు నంబరు ఇవ్వలేదు. ఇవ్వాలని నియమం ఉంది. కానీ ఫోనెత్తి హలో అనగానే, చెప్పండి, మిల్లు వీధి, మొన్నటి లీకేజీ ఆగిందా అంటుంటే నంబరుతో పనేముంది? ఊరు ఊరంతా గొంతులతోనే ఆమె బుర్రలో కాపురం ఉండేది. అన్ని గొప్పల్లోనూ ఇది తలమానికం.

పదవీ విరమణ ఇంకొన్ని నెలలుందనగా ఇంజనీరు ఆమెని పిలిచాడు. మెత్తని మనిషి, చెడ్డ కబురు చెప్పేటప్పుడు బల్ల మీది పేపర్‌వెయిట్‌ని తిప్పుతూ కూర్చుంటాడు. ఆ రోజు అది బొంగరంలా తిరిగింది. మీరు వెళ్లాక ఆ కుర్చీ తీసేస్తున్నాం, ఫోను చేసినవాళ్లకి రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది, దీనికైతే ఒకటి నొక్కండి, దానికైతే రెండు నొక్కండి అని చెబుతుంది అన్నాడు.

ఎందుకు తీసేయడం అని ఆమె అడిగింది.

"మీలాంటి మనిషి ఇంకొకరు దొరకరు కదా పెద్దక్కా. ఆ మాట మీరే ఎన్నిసార్లు అన్నారు?"

అన్నది నిజం. ఈ గదిలోనే అంది, ఈ బల్ల ముందే అంది. పొగడ్త చెంపదెబ్బలా తగలడం ఆమెకి అదే మొదటిసారి.

కుర్చీ పోతే పోయేది ఆమెది కాదు, మీటర్లావిడది. మీటర్లావిడ అంటే ఇల్లిల్లూ తిరిగి నీళ్ల మీటర్లు చూసొచ్చే మనిషి. ఏళ్ల తరబడి మెట్లెక్కి దిగి మోకాళ్లు అరిగిపోయాయి. డాక్టరు ఇక మెట్లొద్దన్నాడు. పెద్దక్క వెళ్లాక ఫోన్ల గది నీకేనని అందరూ అనడంతో ఆ ధైర్యం మీద మోకాళ్లకి పట్టీలు కట్టుకుని నెట్టుకొస్తోంది. కుర్చీయే లేకపోతే ఆవిడ మెట్లెక్కాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. మూడో దారి లేదు.

మరి మీటర్లావిడ సంగతేంటి అని పెద్దక్క నిలదీస్తే ఇంజనీరు పేపర్‌వెయిట్ ఆపాడు. మీటర్లావిడ ఒక పూట ఫోన్ల గదిలో కూర్చుని, మీ సాయం లేకుండా, వచ్చిన ఫోన్లకి సరైన జవాబు చెప్పగలిగితే కుర్చీ ఉంచుతాను, పైవాళ్లతో నేను మాట్లాడుకుంటాను అన్నాడు. మాట తప్పే మనిషి కాదు.

పెద్దక్క మర్నాటి నుంచే మీటర్లావిడని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడం మొదలుపెట్టింది. అదో తంతు. ఈ గొంతు వినగానే ఏ వీధో తెలియట్లేదా అని పెద్దక్క, తెలియట్లేదని మీటర్లావిడ. అంతే, రోజంతా అదే. మీటర్లావిడ మాట తక్కువ మనిషి. చివరికి ఒకటే అంది. "మీ బుర్ర అరువిస్తే తెచ్చుకుంటాను పెద్దక్కా. నా దాంట్లో ఇంతమంది పట్టరు."

ఈ మాట పెద్దక్క ఇంట్లో చెబితే, వాళ్లాయన కుట్టుమిషను మీంచి తలెత్తకుండా, ఆ బుర్ర అరువు తెచ్చుకున్నవాళ్లు రెండో రోజుకే వాపసిస్తారు అన్నాడు. ఆయన దర్జీ. వంకర ఏదైనా ఆయన కంటికి ముందు కనబడుతుంది. ఆ పూట వాళ్ల మేనకోడలు వచ్చి ఉంది. పెద్దక్క తమ్ముడి కూతురు, మందుల గోదాంలో కంప్యూటరు పని చూసుకుంటుంది, సెలవు రోజున అత్త చేతి కూర తినడానికి వస్తుంది. ఆ పిల్ల నవ్వలేదు.

"బుర్ర అరువివ్వచ్చు అత్తా. అలాంటి సాఫ్టువేరు ఒకటుంది."

సంగతేంటంటే, మనం ముందుగా ఇచ్చిన ప్రశ్నలూ జవాబులూ కాగితాలూ అన్నీ దగ్గర పెట్టుకుని, ఎవరైనా కొత్తగా ప్రశ్న అడిగితే దానికి దగ్గరగా ఉన్న జవాబు వెతికిచ్చే చట్రం అది. దాని పేరుకి మన భాషలో 'అడిగి చూడు' అని అర్థమట. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల విప్పి చూడొచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. రాసినాయన ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. ఫోటో ఉండాల్సిన చోట నత్త బొమ్మ పెట్టుకున్నాడు. మేనకోడలు గోదాంలో ఎవరో దాని గురించి చెప్పగా విందే తప్ప ఎప్పుడూ వాడలేదు.

వాడే విధానం చదవమంది పెద్దక్క. పిల్ల కంప్యూటరులో ఆ పేజీ తెరిచింది. 'మొదలుపెట్టడం ఎలా' అని పెద్ద అక్షరాల్లో శీర్షిక ఉంది. దాని కింద ఒకే ఒక్క వాక్యం. ఇక్కడ రాయాలి. అంతే. కిందికి జరిపితే తెల్లగా ఖాళీ.

పెద్దక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. "ఇంత పని ఊరికే ఇచ్చినవాడు వాడే విధానం ఎందుకు రాయలేదే?"

"ఊరికే ఇచ్చాడు కాబట్టే రాయలేదత్తా."

ఇంకొకరైతే అక్కడే మూసేసేవారు. పెద్దక్కకి మాత్రం ఆ ఖాళీ పేజీ అన్నం మింగనివ్వలేదు. ఒక ప్రశ్న పైన నిలబడి కింద జవాబు లేకపోవడం ఆమె జీవితంలో చూడని సంగతి. ఏం రాయాలనుకుని ఆగిపోయాడు? ఎవరైనా అడిగారా, అడగలేదా? మర్నాడు ఫోన్ల గదిలో కూడా ఫోనుకీ ఫోనుకీ మధ్య దాని గురించే ఆలోచించింది. వచ్చే సెలవు దాకా ఆగలేక పిల్లకి తనే ఫోను చేసి రమ్మంది.

మొదట దాన్ని కంప్యూటరులోకి ఎక్కించడమే ఒక పూట పట్టింది. అది కావాలంటుంది, అది పెడితే ఇంకోటి కావాలంటుంది, ఇంకోటి పెడితే మొదటిది పాతదంటుంది. దర్జీ ఆయన చూసి, పెళ్లివారిలా ఉంది దీని వరస అన్నాడు. చివరికి ఎక్కింది. ఏం ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో ఎక్కడా రాసి లేదు. కానీ ఒక మూల చిన్న నమూనా ఫైలు దొరికింది. అందులో వరసకి ఒక ప్రశ్న, దాని పక్కన ఒక జవాబు. అంతే కదా, మన దగ్గర అవే కదా ఉన్నాయి అంది పెద్దక్క.

ఉన్నాయి. ఆఫీసుకొచ్చే ఫోన్లన్నీ ఎప్పటి నుంచో రికార్డవుతూనే ఉన్నాయి. ఇంజనీరు అనుమతి తీసుకుని మేనకోడలు వాటిని మాటల్లోంచి అక్షరాల్లోకి మార్చింది. ఫోను చేసినవాళ్లు అన్న మాట ప్రశ్న, దానికి పెద్దక్క అన్న మాట జవాబు. నమూనాలో ఉన్నట్టే ముచ్చటగా వరసలు పేర్చి దాని ముందు పెట్టింది.

పరీక్ష ఇంట్లోనే. కుట్టుమిషను పక్కకి జరిపి దర్జీ ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఆయన ఒక్క వేలితో కొట్టాడు, కొళాయిలో నీళ్లు రావట్లేదని.

మీది ఎన్నో అంతస్తు అని వచ్చింది తెర మీద.

పెద్దక్క ముఖం విప్పారింది. చూడు, అచ్చం నాలాగే అడుగుతోంది అని పిల్ల వీపు తట్టింది. ఆయన మూడు అని కొట్టాడు. మూడేంటి, సరిగా చెప్పండి అని వచ్చింది. అది పెద్దక్క ఎప్పుడో ఎవరినో కసిరిన మాట. ఆయన ఓపిగ్గా, మూడో అంతస్తండీ అని కొట్టాడు. మోటారు వేశారా అని వచ్చింది. వేశాం అన్నాడు. మీది ఎన్నో అంతస్తు అని మళ్లీ వచ్చింది. ఆయన చెయ్యి తీసేసి భార్యవైపు తిరిగాడు.

"ముమ్మూర్తులా నువ్వే."

"అడగడం ఒక్కటే అత్తలాగా ఉంది మావయ్యా," అంది పిల్ల నవ్వు ఆపుకుంటూ, "చెప్పింది వినట్లేదు."

"అదే కదమ్మా నేనన్నది."

ఆ సాయంత్రం పెద్దక్క ఆయనకి కాఫీ ఇవ్వలేదు. ఆయనే పెట్టుకుని ఆమెకీ ఇచ్చాడు.

తప్పు ఎక్కడుందో మేనకోడలికి సగం అర్థమైంది. ఈ చట్రం ప్రతి మాటనీ కొత్త మనిషి అడిగిన కొత్త ప్రశ్నగా తీసుకుంటోంది. ఒకే మనిషి వరసగా మాట్లాడుతున్నాడని దానికి తెలియదు. తెలిసే ఏర్పాటు లోపల ఎక్కడైనా ఉందా అన్నది చెప్పడానికి కాగితం లేదు. అప్పుడు పిల్లకే తట్టింది, పరీక్షల ఫోల్డరు చూద్దామని. రాసినవాడు సాఫ్టువేరు సరిగా నడుస్తోందో లేదో చూసుకోవడానికి చిన్నచిన్న పరీక్షలు రాసుకుంటాడట. వాడే విధానంలో రాయని సంగతులు కూడా అక్కడ దొరుకుతాయట. అక్కడ దొరికింది. ఒక పరీక్షలో మూడు మాటలు ఒకదాని తర్వాత ఒకటి వేసి, మూడో జవాబు మొదటి మాటని గుర్తుపెట్టుకుందా లేదా అని చూశాడు. అంటే ఏర్పాటు ఉంది. పిల్ల దాన్ని ఆన్ చేసి చూసింది. ఏమీ మారలేదు. ఆపి మళ్లీ ఆన్ చేసింది. మీది ఎన్నో అంతస్తు.

రాసినాయన్నే అడుగుదాం అంది పెద్దక్క. అలా అడగడానికీ అక్కడే ఒక చోటుంది. పెద్దక్క చెప్పగా పిల్ల ఇంగ్లీషులో రాసింది. అయ్యా, మీ సాఫ్టువేరు మేం చెప్పింది వినట్లేదు, ఏం చెయ్యాలి?

రోజులు గడిచినా జవాబు రాలేదు. నత్త కదా అని దర్జీ ఆయన ఊరుకోలేక ఒక మాట వేశాడు. ఎట్టకేలకి వచ్చింది. ఆయన జవాబు చెప్పలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు. మీరు దానికి ఏమిచ్చారు? అది ఏమంది? ఏమంటుందని మీరనుకున్నారు?

పిల్లకి ఒళ్లు మండింది. అడిగినదానికి చెప్పకుండా ఎదురు ప్రశ్నలేంటి అంది. పెద్దక్క మాత్రం బల్ల మీద చేత్తో చప్పుడయ్యేలా చరిచి నవ్వింది. "వీడు మనవాడే."

ఆ పూట ఆమె కూర్చుని జవాబు చెప్పిన తీరు చూసి తీరాలి. ఫోను చేసినవాళ్లు తనకెలా చెబితే బాగుండునని ఇన్నేళ్లూ అనుకుందో అలా చెప్పింది. సణుగుడు లేదు, సొంత సోది లేదు. ఇచ్చింది ఇది, వచ్చింది ఇది, రావాల్సింది ఇది. నమూనాగా తమ వరసలు రెండు జత చేయించింది. ఈసారి నత్త తొందరగానే కదిలింది. మీ వరసల్లో ఎవరు ఎవరో గుర్తు లేదు, ఒక్కో సంభాషణకి ఒక్కో నంబరు ఉండాలి, ఆ మనిషి మాట్లాడిన ప్రతిసారీ అదే నంబరు పంపాలి, నంబరు లేకపోతే ప్రతి మాటా కొత్త మనిషిదే అనుకుంటుంది, ఈ సంగతి ఎక్కడా రాయలేదు, క్షమించండి అన్నాడు.

అయితే ఫిర్యాదు నంబర్లు వేసేద్దాం అత్తా, ఎక్కడున్నాయి అంది పిల్ల.

పెద్దక్క గోడ గడియారం వైపు తిరిగింది. అది వెనకబడుతూనే ఆడుతోంది. పిల్ల మళ్లీ అడిగింది. దర్జీ ఆయనకి సంగతి తెలుసు కనక గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీయడంలో మునిగిపోయాడు.

"లేవు," అంది పెద్దక్క. "నేనెప్పుడూ ఇవ్వలేదు."

ఇక మిగిలింది ఒకటే దారి. రికార్డులన్నీ ఆమే విని, గొంతులు గుర్తుపట్టి, ఏ ఫోను ఏ ఫోనుకి కొనసాగింపో చెప్పాలి. దానికేముంది, నాకది నీళ్లు తాగినంత పని అంది, పోయిన ధీమా కొంత తిరిగొచ్చి. ఇయర్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని కూర్చుంది. ఇది బేకరీ మలుపు ముసలాయన, ఇది కొత్త ఇళ్ల కోడలు, ఇది స్కూలు వాచ్‌మన్ అని ఆమె చెబుతుంటే పిల్ల నంబర్లు వేసుకుంటూ పోయింది. నిజంగానే అబ్బురం. రోజుల తేడాతో వచ్చిన ఫోన్లని ఒక్క హలోతో జత కలిపేది.

అలా వింటూ వింటూ ఒక చోట ఆగింది. వెనక్కి వేయమంది. మళ్లీ వేయమంది.

ఒకావిడ జలుబు గొంతుతో మాట్లాడుతోంది. ఫోనెత్తిన పెద్దక్క, చెప్పండి మిల్లు వీధి, మీ వాల్వు సాయంత్రం తెరుస్తారు, కంగారు పడకండి అంటోంది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, సరేనండి అని పెట్టేసింది. మర్నాటి రికార్డులో అదే గొంతు ఉంది, జలుబు కొంచెం తగ్గి. అమ్మా, మాది మిల్లు వీధి కాదండీ, ఆస్పత్రి సందు, నిన్న మీరు గట్టిగా చెప్పేసరికి కాదనడానికి మొహమాటపడ్డాను, రాత్రి నీళ్లు లేవండీ అంటోంది. దానికి పెద్దక్క ఏమందో కూడా రికార్డులో ఉంది. సరిగా చెప్పాలి కదమ్మా అని కసిరింది.

పెద్దక్క చెవుల్లోంచి అవి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో, రికార్డు లేని రోజుల్లో ఎన్ని పోయాయో అని ఆమె అనుకుంటోందని పిల్లకి తెలుసు. పిల్ల రికార్డు ఆపింది. పెద్దక్కే, ఆవిడ రెండు ఫోన్లకీ ఒకే నంబరు వెయ్యి అంది. ఆ తర్వాత నుంచి ఏ గొంతు మీద ఏమాత్రం అనుమానమున్నా, ఇది ఖాయంగా చెప్పలేను, పక్కన పెట్టు అనడం మొదలుపెట్టింది. ఆ మాట ఆమె నోట వినడం ఆ ఇంట్లో కొత్త.

నంబర్లు వేసిన వరసలు ఇచ్చాక 'అడిగి చూడు' సాఫ్టువేరు దారిలో పడింది. అంతస్తు చెబితే గుర్తుపెట్టుకుంది. పక్కింటి సంగతి అడిగి, దాన్ని బట్టి మోటారు సంగతి అడిగింది, చివర్లో జవాబు చెప్పింది. పెద్దక్క అడిగే వరసే, కసురు లేకుండా. కసిరిన మాటలన్నీ ఏరి తీసేయించింది ఆమే. దర్జీ ఆయన మళ్లీ కూర్చుని కొట్టి చూసి, ఇప్పుడు నీలా లేదు అన్నాడు. ఎందుకో ఆ మాట ఆమెకి తిట్టులా వినపడలేదు.

ఇంజనీరు చెప్పిన పూట వచ్చింది. ఫోన్ల గదిలో బల్ల, ఫోను, కిటికీ దగ్గర 'అడిగి చూడు' ఎక్కించిన పాత కంప్యూటరు, గోడకి వీధుల పటం. మీటర్లావిడ మోకాళ్ల పట్టీలు సర్దుకుని కూర్చుంది. ఇంజనీరు వెనక కుర్చీలో, తనకీ వినపడేలా ఫోను స్పీకరు పెట్టించి. పెద్దక్క గదిలో ఉండకూడదన్నది షరతు కనక వరండాలో, తెరిచిన కిటికీ అవతల నిలబడింది. అది గదిలో ఉన్నట్టు కాదని ఆమె వాదన.

మొదటి ఫోన్లు తేలిగ్గానే పోయాయి. అవతలివాళ్లు చెప్పింది మీటర్లావిడ కొట్టడం, తెర మీద వచ్చిన ప్రశ్న తన మాటల్లో అడగడం. ప్రతి ఒక్కరికీ ముందుగా నంబరు చెప్పి రాసుకోమంది. ఆ మాట విన్నప్పుడల్లా వరండాలో పెద్దక్క కాళ్లు మార్చుకుని నిలబడేది.

తర్వాత ఒక ముసలాయన చేశాడు. పై అంతస్తులో చుక్క లేదట, కింద వస్తున్నాయట. పక్కింటి పై అంతస్తు సంగతేంటని మీటర్లావిడ అడిగింది. ఉండమ్మా అడిగొస్తానని ఆయన వెళ్లాడు, ఫోను కట్టయింది. గొంతు వినగానే ఆయనెవరో పెద్దక్కకి తెలిసిపోయింది. ఏ ఇల్లో, ఏ గేటో కూడా తెలుసు. నోరు నొక్కుకుంది.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎవరో ఆడపిల్ల. పెద్దక్క ఎన్నడూ వినని గొంతు. మా తాతయ్య ఇందాక మాట్లాడారట, ఈ నంబరు చెప్పమన్నారు అని నంబరు చదివింది. మీటర్లావిడ ఆ నంబరు కొట్టగానే తెర మీద ముసలాయన మాటలన్నీ నిలబడ్డాయి, ఎక్కడ ఆగిపోయిందో అక్కడి ప్రశ్నతో సహా. పక్కింటి పైన కూడా రావట్లేదా అంది మీటర్లావిడ. వాళ్లకి వస్తున్నాయండీ అంది ఆ పిల్ల. నిన్న మీ వీధిలో సరఫరా ఆగిందా? ఆగింది. అయితే మీ పైపులో గాలి పట్టి ఉంటుంది, ముందు అన్నిటికన్నా కింది కొళాయి పూర్తిగా విప్పి కాసేపు వదిలేయండి, తర్వాత పై కొళాయిలు విప్పండి, ఎక్కకపోతే ఇదే నంబరు చెప్పి మళ్లీ చేయండి. కాసేపటికి ముసలాయనే చేసి, వచ్చాయమ్మా అని చెప్పి పెట్టేశాడు.

ఇంజనీరు లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. "పెద్దక్కా, ఆ అమ్మాయి గొంతు మీరు గుర్తుపట్టేవారా?"

"లేదు," అంది పెద్దక్క. "మొదటి నుంచీ మళ్లీ అడిగేదాన్ని. కసిరేదాన్ని కూడానేమో."

ఆయన తల పంకించి, ఇక ఈ కుర్చీ సంగతి నేను చూసుకుంటాను అని వెళ్లిపోయాడు. మీటర్లావిడ అప్పటికి వెనక్కి వాలి, ఎవరూ చూడట్లేదనుకుని, మోకాళ్ల పట్టీలు రెండూ విప్పి సొరుగులో పెట్టుకుంది. పెద్దక్క చూసింది.

ఇంటికెళ్లి ఆ రాత్రి భోజనాలకి ముందే పిల్లని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఆ నత్తాయన ఖాళీగా వదిలేసిన పేజీ మనం రాద్దాం అంది. చెబుతూ పోయింది. ముందు మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరు? వాళ్లు ఒక్క మాటలో అడుగుతారా, వరసగా అడుగుతారా? అదే మనిషి రేపు మళ్లీ వస్తే మీకెలా తెలుస్తుంది? తెలుస్తుందని మీరనుకుంటే అక్కడే ఆగండి, నంబరు వెయ్యండి. ఆ తర్వాతే సాఫ్టువేరు ఎక్కించే సంగతి రాయించింది, అది పెట్టే పెళ్లివారి పేచీలతో సహా. పేజీ మొత్తం ప్రశ్నలే కదత్తా అంది పిల్ల. ఉండనీ, జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది అంది పెద్దక్క. నత్తాయన ఒక్క అక్షరం మార్చకుండా పేజీలో పెట్టుకున్నాడు. అడుగున రాసినవారి పేరు ఉండాల్సిన చోట, పెద్దక్క, నీళ్ల ఆఫీసు అని ఉంటుంది. ఏ దేశంలో ఎవరు మొదలుపెట్టినా ముందు ఆమె అడిగినదానికి జవాబు చెప్పుకుని ముందుకెళ్లాలి. గడియారం తర్వాత చెప్పుకునే గొప్ప ఇప్పుడు ఇదే. నాలుగు పల్లెల బడి నుంచి ఇంకెవరైనా ఈ పని చేసి ఉంటే చెప్పమనండి.

ఉద్యోగం ముగిశాక ఒక ఉదయం వాళ్లింట్లోనే నీళ్లాగిపోయాయి. కారణం ఆమెకి తెలుసు. అయినా ఫోనెత్తి ఆఫీసుకి చేసింది, గొంతు కొంచెం మార్చి. దర్జీ ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ వింటున్నాడు. మీది ఎన్నో అంతస్తండీ అంది మీటర్లావిడ. పెద్దక్క చెప్పింది. పక్కింట్లో వస్తున్నాయా? చెప్పింది. జవాబులు చెబుతూ కూర్చోవడం ఎంత విసుగో ఆమెకి అప్పుడే తెలిసింది. అయినా అన్నీ చెప్పింది. నంబరిచ్చారు. చెప్పినట్టు చేస్తే నీళ్లొచ్చాయి.

వచ్చాయని చెప్పడానికి మళ్లీ చేసి, నంబరు చదవబోయింది. అవతల మీటర్లావిడ నవ్వింది.

"నంబరెందుకు పెద్దక్కా, ఇందాకే గుర్తుపట్టాను."

"పట్టినా సరే, నంబరు కొట్టు. రేపు నువ్వు సెలవులో ఉంటే?" అంది పెద్దక్క, అంకెలు ఒక్కొక్కటిగా, తొందర లేకుండా చదువుతూ.